కౌంటరుకు అవతలి వైపు

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే దారిలో నాకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. నర్సంపేట, పర్వతగిరి, పరకాల వైపు నుంచి వచ్చే పత్తి, మిరప రైతులు నన్ను సేటు అంటారు. జేబులోంచి వాడిపోయిన ఆకు తీసి కౌంటరు మీద పెట్టి "సేటూ, దీనికేం కొట్టాలి?" అని అడుగుతారు. ఆకు తిప్పి చూసి మందు పేరు చెప్పడమే నా బతుకుతెరువు. అంగం గట్టిపడకపోవడమనే నా జబ్బు కథలో దుకాణం గొడవ ఎందుకని అనిపించవచ్చు. ఒక క్లినిక్‌లో లక్షా ఎనభై వేలు పోగొట్టుకోకుండా నన్ను ఆపింది ఆ కౌంటరే.

నాకిప్పుడు యాభై మూడేళ్లు. 2015లో షుగర్ బయటపడింది, ఇంకో రెండేళ్లకు బీపీ. రెంటికీ మాత్రలు వేసుకుంటూ, పెళ్లిళ్లలో జిలేబీ కూడా తింటూ గడిపేశాను. 2023 వానాకాలంలో పడకగదిలో మొదటిసారి తేడా వచ్చింది. పట్టు మధ్యలోనే సడలిపోతుంటే సీజను అలసట అనుకున్నాను. విత్తనాల అప్పు ఖాతాలు, కంపెనీల బకాయిలు, సాకులకు కొదవ లేదు. దీపావళి నాటికి సడలడం పోయి అసలు మొదలవడమే లేదు. తెల్లవారుజామున నిద్రలో తనంతట తాను వచ్చే స్తంభన కూడా ఆగిపోయింది. అది గమనించాల్సిన విషయమని అప్పటికి నాకు తెలియదు. మనసులోని బెంగ వల్ల వచ్చిన ఇబ్బంది అయితే నిద్రలో శరీరం తన పని తాను చేసుకుపోతుందట. అదీ లేదంటే రక్తనాళాల్లోనో నరాల్లోనో లోపం ఉందేమోనని వెతకాలట.

నేను మాత్రం ఖాతా పుస్తకాలు ఇంటికి తెచ్చి రాత్రి పదకొండు దాకా రాయడం మొదలుపెట్టాను. నా లెక్కలు అంత శుభ్రంగా అంతకు ముందూ లేవు, ఆ తర్వాతా లేవు. మా ఆవిడ పాల గ్లాసు పెట్టి, గుమ్మంలో కాసేపు నిలబడి, వెళ్లి పడుకునేది. ఒక్క మాట అడగలేదు. అడగకపోవడం నాకు హాయిగానే ఉండేది.

తర్వాత ఒకరోజు కాజీపేట వెళ్లాను. మా వీధిలో రెండు మందుల దుకాణాలున్నాయి, రెండింటి యజమానులూ నన్ను "అన్నా" అని పిలిచేవాళ్లే. అందుకే కాజీపేట. బైకు దిగినా హెల్మెట్ తీయలేదు. లోపల ఉన్న కుర్రాడు నా గొణుగుడు విని, "ఎంత పవరు సార్, యాభయ్యా వందా?" అని మామూలు గొంతుతో అడిగాడు. లీటరు నీళ్లకు ఎన్ని మిల్లీలీటర్లో లెక్క చెప్పమంటే నిద్రలోనైనా చెబుతాను, ఇది ఏమని చెప్పాలి? వంద అన్నాను. ఎక్కువైతే మంచిదే కదా అనుకున్నాను. అచ్చం మా రైతులు మోతాదు విషయంలో అనుకున్నట్టే. ఆ శనివారం రాత్రి కడుపు నిండా బిర్యానీ తిని, మాత్ర వేసుకుని, పావుగంటలో అద్భుతం జరగాలని ఎదురుచూశాను. ముఖం వేడెక్కింది, ముక్కు మూసుకుపోయింది, తల పగిలిపోయింది. అసలు పని జరగలేదు. నాకు మాత్రలు కూడా పనిచేయవన్న నిర్ణయానికి ఆ ఒక్క రాత్రితో వచ్చేశాను.

ఆ తర్వాత కొన్ని నెలలు నన్ను నడిపించింది ఆ తప్పుడు నిర్ణయమే. సిల్డెనాఫిల్ అనే ఆ మందు కొవ్వు ఎక్కువున్న భోజనం తర్వాత వేసుకుంటే ఆలస్యంగా, తక్కువగా ఒంటికి పడుతుందని, గంట ముందు ఖాళీ కడుపుతో వేసుకోవాలని, కోరిక, స్పర్శ లేకుండా తనంతట తాను ఏమీ చేయదని, ఒక్కసారి వేసి తేల్చేయకూడదని ఆ కుర్రాడు చెప్పలేదు. నేను అడగనూ లేదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేటు మాత్రలు వాడేవాళ్లు దీన్ని ముట్టుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుందన్న సంగతి మాత్రం హెల్మెట్ పెట్టుకుని వచ్చినవాడికి కూడా చెప్పి తీరాల్సింది.

చీటీ లేకుండా కొన్నది నేనే కాబట్టి ఎవరిని అని ఏం లాభం!

ఇక నా ఫోనుకు నా మనసు తెలిసిపోయింది. రాత్రిళ్లు వెతికిన నాలుగు మాటలకు ప్రతిఫలంగా పగలంతా వీడియోలు. తెల్లకోటు వేసుకున్నాయన "మాత్రలు తాత్కాలికం, మాది రీజెనరేటివ్ చికిత్స, సమస్యను వేళ్ల నుంచి సరిచేస్తుంది, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి" అంటాడు. మొలుస్తాయి అనే మాట విత్తనాల వ్యాపారిని ఊరికే వదలదు. హనుమకొండ బస్టాండు దగ్గర గోడల మీది "రహస్య వ్యాధుల" కాగితాలను చూసి నవ్వుకునేవాణ్ని. ఇక్కడ గోడ లేదు, జిగురు లేదు, ఇంగ్లిషు మాటలు, యంత్రాలు ఉన్నాయి. అంతే తేడా అని అప్పుడు తోచలేదు. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వడమే నేరమని 1954 నాటి మాయా చికిత్సల ప్రకటనల చట్టం చెబుతుంది. పురుగుమందుల లేబుల్ మీద ఒక అక్షరం తేడా ఉంటే తనిఖీకి వచ్చే అధికారి నన్ను వదలడు. ఈ వీడియోల దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లినట్టు లేదు.

2024 ఫిబ్రవరిలో, మేడారం జాతర హడావిడి మొదలవుతున్న రోజుల్లో, హైదరాబాదు బయలుదేరాను. తెలిసినవాళ్లు కనబడతారని వరంగల్ స్టేషను మానేసి కాజీపేటలో శాతవాహన ఎక్కాను. వరంగల్‌లో ఎక్కినవాళ్లు అదే బండిలో ఉంటారన్న ఆలోచన రాలేదు. ఎదురు సీట్లోనే మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం చేసే పెద్దమనిషి. "ఎక్కడికి సేటూ?" అంటే లైసెన్సు పని అన్నాను. సికింద్రాబాద్ వచ్చేదాకా ఆయన నాకు లైసెన్సుల మీద సలహాలిచ్చాడు.

ఆ క్లినిక్ పేరు ఇక్కడ అనవసరం. లోపల చల్లగా, వాసనలు లేకుండా, ఆభరణాల దుకాణంలా ఉంది. ముందు డాక్టరు దగ్గరికి పంపలేదు. కౌన్సెలర్ అనే ఒక యువకుడు చిన్న గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, వయసు, పెళ్లయి ఎన్నేళ్లు, ఏం వ్యాపారం, బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు అని అడిగాడు. షుగర్ సంగతి నేనే చెప్పాను. "అది అడ్డం కాదు సార్, మాది కణాల స్థాయిలో పనిచేస్తుంది" అన్నాడు. రంగుల కాగితం తిప్పాడు. సిల్వర్‌లో ఆరుసార్లు షాక్‌వేవ్ అనే తరంగాల చికిత్స. గోల్డ్‌లో దానికి తోడు మన రక్తంతోనే చేసే పీఆర్పీ ఇంజెక్షన్లు మూడు, లక్షా ఎనభై వేలు. ప్లాటినంలో మూలకణాలు (స్టెమ్ సెల్స్), కణాలు బయటికి వదిలే అతిసన్న సంచుల్లాంటి ఎక్సోసోమ్‌లు కూడా, మూడు లక్షల నలభై వేలు. వాయిదాల్లో కట్టవచ్చు. ఈ రోజే కడితే పదిహేను శాతం తగ్గింపు. ఆ తర్వాత ఒక డాక్టరు నాలుగు నిమిషాలు మాట్లాడాడు. నన్ను పరీక్ష చేయలేదు. పాత రిపోర్టుల సంచీ నా ఒళ్లోనే ఉంది, దాని వైపు చూడలేదు. "మీకు గోల్డ్ సరిపోతుంది" అన్నాడు.

పది వేలు అడ్వాన్సు కట్టాను. దాచను. రసీదు జేబులో పెట్టుకుంటూ, ఫలితం ఖాయమేనా అని కౌన్సెలర్‌ను అడిగాను.

"తొంభై శాతం మందిలో ఫలితం ఉంటుంది సార్. మిగతా పది శాతం వాళ్ల శరీరమే సహకరించదు."

ఆ మాట నాకు తెలుసు. ఆ మాట నాదే.

2021లో మా ప్రాంతపు మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పువ్వులో దూరి పీల్చేసేది, పూత పూతంతా రాలిపోయేది. అంతకు ముందు మా వాళ్లు చూడని పురుగు. ఏ మందు కొట్టినా ఆగలేదు. ఎకరానికి లక్షకు పైగా పెట్టుబడి పెట్టిన రైతులు తెల్లారేసరికి దుకాణం ముందు నిలబడేవాళ్లు, ఏదో ఒకటి ఇవ్వమని. కంపెనీల కుర్రాళ్లు "బయో" సీసాలు తెచ్చి నా అరల్లో నింపారు. సీసా మీద మంచి బొమ్మ ఉండేది, లోపల ఏముందో రాసి ఉండేది కాదు. మొక్క ఎదుగుదలకు ఊపునిస్తాయనే అలాంటి బయోస్టిమ్యులెంట్లను కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది ఆ ఏడాదే, కానీ సరుకు అప్పటికే ఊళ్లలో ఉంది. నేనూ అమ్మాను. పనిచేయలేదని తిరిగొచ్చిన రైతుతో ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "మందు మంచిదే, మీ చేనుకు వాతావరణం సహకరించలేదు" అన్నాను. గెలిస్తే సీసా గొప్ప, ఓడితే చేను తప్పు. ఇప్పుడు ఆ చేను నేను.

మిగతా డబ్బు వచ్చే వారం కడతానని చెప్పి బయటపడ్డాను. తిరుగు బండిలో నిలబడే వచ్చాను. అమ్మేవాడు చేను సంగతి అడగడు, సీసా సంగతి చెబుతాడు. నేల చూడనిదే, నీళ్లు అడగనిదే మందు రాయకూడదని తెలిసిన మనిషిని, నా షుగర్ ఎంతని అడగని చోట పది వేలు పెట్టి వచ్చాను.

ఇంకో పది రోజులు తటపటాయించి, హనుమకొండలో నేను ఏళ్లుగా చూపించుకుంటున్న షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లాను. వెళ్లేటప్పుడు మాటలు కూడబలుక్కున్నాను గానీ గదిలో కూర్చున్నాక కాళ్ల తిమ్మిర్ల గురించి, నిద్ర గురించి మాట్లాడి లేచాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "తొమ్మిదేళ్లుగా వస్తున్నారు. ప్రతిసారీ మీ పాదాలు చూశాను, కళ్లు చూపించుకోమన్నాను. ఇది కూడా అడగాల్సింది నేనే" అన్నాడు. తప్పు తన మీద వేసుకున్న డాక్టరును నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాత ఆయన చెప్పిన విషయం విని నాకు చెమట పట్టింది. అంగానికి రక్తం తెచ్చే ధమనులు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండె ధమనులు 3 నుంచి 4. షుగర్, కొలెస్ట్రాల్ వల్ల పూడిక పేరుకోవడం ఒంట్లో అంతటా ఒకేలా సాగుతున్నా, సన్నవాటిలో ముందు తెలుస్తుంది. అందుకే నా వయసు మనిషిలో స్తంభన లోపాన్ని రెండు మూడేళ్ల తర్వాత రాబోయే గుండె జబ్బుకు ముందస్తు కబురుగా చూస్తారట. ఇది నాకు బొమ్మ వేసి చెప్పనక్కర్లేదు. డ్రిప్పు వేసిన చేనులో నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ముందు మూసుకుపోయేవి చుక్క చుక్క వదిలే సన్న రంధ్రాలు. రైతు చివరి సాలులో వాడిన మొక్కను చూసి ఆ మొక్కకు మందు కొడతాడు. ఆ తర్వాత పెద్ద పైపు కూడా మూసుకుపోతుంది.

పరీక్షలు రాశాడు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4 వచ్చింది. ఏడు దగ్గర ఉండాల్సింది. చెడ్డ కొలెస్ట్రాల్ 158. టెస్టోస్టెరాన్ కోసం పొద్దున ఎనిమిది, పది మధ్యే రక్తం ఇవ్వాలన్నారు, ఆ హార్మోను మధ్యాహ్నానికి సహజంగా తగ్గుతుంది కాబట్టి. నాది 412, మామూలే. ఈసీజీ, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే టీఎంటీ కూడా చేయించారు. యంత్రం వేగం పెంచుతుంటే, గుండె డాక్టరు తెర చూస్తుంటే, పడకగది సంగతి అడగడానికి వచ్చి ఎక్కడ పరిగెడుతున్నానా అనిపించింది. టీఎంటీ బాగానే వచ్చింది. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మొదలుపెట్టారు. నేను వాడుతున్న పాత బీపీ మాత్ర అటెనొలాల్ కూడా కొందరిలో స్తంభనను దెబ్బతీస్తుందని చెప్పి, దాన్ని క్రమంగా తగ్గిస్తూ వేరే మాత్రకు మార్చారు. చూసుకోండి, ఏడేళ్లుగా రోజూ పొద్దున నా చేత్తో నేనే వేసుకుంటున్న మాత్ర!

అక్కడి నుంచి మూత్రనాళాలు, మగవాళ్ల జబ్బులు చూసే యూరాలజిస్టు. నడివయసు మనిషి, నవ్వు తక్కువ. ఒక కాగితం ఇచ్చాడు, అందులో ఐదే ప్రశ్నలు, గత ఆరు నెలల్లో ఎలా ఉందని. మొత్తం 25 మార్కులు, 22 కంటే తక్కువైతే సమస్య ఉన్నట్టు. నాకు 11. పదో తరగతి లెక్కల తర్వాత అంత తక్కువ మార్కులు చూడలేదు. మరుసటి వారం రక్తం పారే వేగం కొలిచే డాప్లర్ స్కాన్. ముందు అంగంలోకి ఒక సన్న సూదితో మందు ఎక్కిస్తారు, రక్తనాళాలు తెరుచుకోవడానికి. సూది అంటే భయపడ్డాను గానీ షుగర్ చూసుకునేందుకు వేలికి గుచ్చుకునేదానికంటే ఎక్కువేమీ లేదు. మందు పనిచేసేదాకా గదిలో మౌనం. ఆ మౌనం భరించలేకేమో స్కాన్ చేసే డాక్టరు ఒక కథ చెప్పాడు. ఈ సూది పద్ధతి కొత్తగా వచ్చిన రోజుల్లో, 1983లో, అమెరికాలోని లాస్‌వేగస్‌లో యూరాలజిస్టుల సభ జరిగింది. గైల్స్ బ్రిండ్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తన గదిలోనే సూది చేసుకుని వచ్చి, ఉపన్యాసం మధ్యలో ప్యాంటు దించి ఫలితం చూపించాడట. వైద్యులు, వాళ్ల భార్యలు నిండిన సభ అది. నేను ఆ బల్ల మీద పడుకుని గట్టిగా నవ్వాను. నెలల తర్వాత ఈ విషయంలో నవ్వడం అదే మొదలు.

రక్తం పారే వేగం సెకనుకు 27, 29 సెంటీమీటర్లు వచ్చింది. 25 కంటే తక్కువైతే ధమనుల్లో గట్టి లోపం, 35 దాటితే నిక్షేపం. నేను గట్టు మీద ఉన్నాను. నాలుగు గంటలు దాటినా స్తంభన తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి రమ్మని చెప్పి పంపారు. అలా తగ్గకపోతే లోపలి కండరం దెబ్బతింటుందట. నాది ముప్పావు గంటలో తగ్గింది.

అప్పుడు ఆ రంగుల కాగితం యూరాలజిస్టు ముందు పెట్టాను. చీవాట్లు పెడతాడనుకున్నాను. పెట్టలేదు, ఒక్కొక్కటీ తీసుకుని మాట్లాడాడు. ఆ ఇరవై నిమిషాలకు నేను పది వేలు ఇచ్చి ఉంటే బాధపడేవాణ్ని కాదు.

ముందు షాక్‌వేవ్. కిడ్నీ రాళ్లను బయటి నుంచే పగలగొట్టడానికి 1980లో జర్మనీలో మొదలైన తరంగాలే ఇవి, శక్తి చాలా తగ్గించి వాడతారు. ఆ చిన్న తాకిడికి కణజాలం కొత్త రక్తనాళాలను పెంచే పదార్థాలను విడుదల చేస్తుందన్నది ఊహ, జంతువుల్లో కొంత రుజువు ఉంది. స్తంభన లోపానికి దీన్ని వాడిన మొదటి ఫలితాలను ఇజ్రాయెల్ వైద్యులు 2010లో ప్రకటించారు. ఆ తర్వాత చాలా పరీక్షలు జరిగాయి, కొన్నింటిలో కొద్దిగా మేలు కనిపించింది, కొన్నింటిలో లేదు. అమెరికా యూరాలజీ సంఘం 2018 మార్గదర్శకాల్లో దీన్ని ఇంకా పరిశోధన దశలో ఉన్న చికిత్స అనే అంది. యూరప్ వాళ్లు రక్తప్రసరణ లోపం తక్కువగా ఉన్నవాళ్లకు వాడి చూడవచ్చని, అదీ బలహీనమైన సిఫారసుగా, చెప్పారు. ఇంకో మెలిక ఉంది. చాలా క్లినిక్‌లలో ఉండేది అసలు షాక్‌వేవ్ యంత్రం కాదు, మడమ నొప్పికి ఫిజియోథెరపీలో వాడే రేడియల్ యంత్రం. దాని తాకిడి చర్మం దగ్గరే చెదిరిపోతుంది, లోతుకు వెళ్లదు. "మీరు వెళ్లిన చోట ఏ యంత్రం ఉంది?" అన్నాడు. నేను యంత్రమే చూడలేదు.

పీఆర్పీ అంటే మన రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని తిరిగి ఎక్కించడం. మోకాళ్లకు, జుట్టుకు చేస్తుంటారు. గ్రీసులో 2021లో వచ్చిన ఒక పరీక్షలో మేలు కనిపించింది. 2023లో అమెరికాలోని మయామిలో 61 మంది మీద చేసిన పరీక్షలో కొందరికి నెల తేడాతో రెండుసార్లు పీఆర్పీ ఇచ్చారు, మిగతావాళ్లకు అలాగే ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియదు. రెండు గుంపుల మధ్యా తేడా తేలలేదు. ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లలో కూడా కొందరు బాగుపడ్డామన్నారు. "మీ వీడియోల్లో మాట్లాడే మనుషులు అబద్ధం చెబుతున్నారని నేను అనను. నమ్మకం ఈ విషయంలో చాలా పనిచేస్తుంది" అన్నాడాయన. చేనుకు నమ్మకం ఉండదు, అందుకే నా సీసాలు తొందరగా దొరికిపోయాయని మనసులో అనుకున్నాను.

మూలకణాల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మారింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాల చికిత్సను మామూలు వైద్యంగా అంగీకరించింది కొన్ని రక్త సంబంధమైన జబ్బుల్లోనే, అదీ ఎముక మజ్జ మార్పిడి రూపంలో. మిగతా ఏ జబ్బుకైనా అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి, ఆ పరిశోధనకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మూడు లక్షల నలభై వేలు అడిగారంటే అది పరిశోధన కాదు, పరిశోధన కాకపోతే చేయకూడదు. ఎక్సోసోమ్‌లనైతే అమెరికా ఔషధ సంస్థ ఏ జబ్బుకూ ఆమోదించలేదు, 2019లోనే ప్రజలకు హెచ్చరిక కూడా ఇచ్చింది. ప్లాటినం మీద ఆయన పెన్నుతో అడ్డంగా గీత గీశాడు.

"ఇవన్నీ పనికిరావని ఎప్పటికీ అనను. రేపు రుజువు కావచ్చు. మీరు ఇవాళ కొంటున్నారు కదా, ఇవాళ ఉన్న రుజువుకు ధర కట్టండి."

మాత్రలు పనిచేయని మనిషిని అన్నాను. బిర్యానీ కథ విని నవ్వు దాచుకున్నాడు. టడలాఫిల్ 5 మిల్లీగ్రాములు రోజూ ఒకటి రాశాడు. ఆ మందు ఒంట్లో ఒకటిన్నర రోజు నిలుస్తుంది, భోజనంతో పేచీ లేదు, గడియారం చూసుకోనక్కర్లేదు. అవీ పనిచేయకపోతే గాలి తీసి రక్తం రప్పించే పంపు, ఇంట్లోనే చేసుకునే సూది, అన్నీ అయ్యాక లోపల అమర్చే ఇంప్లాంట్ ఉన్నాయన్నాడు. వాటిదాకా రాలేదు కాబట్టి వాటి గురించి నాకు అనుభవం లేదు. చివరగా, "వచ్చేసారి మీ ఆవిడను తీసుకురండి" అన్నాడు. చికిత్స మొత్తంలో నాకు కష్టమనిపించింది ఆ ఒక్క మాటే.

ఆ రాత్రి మా ఆవిడకు చెప్పాను. ఖాతా పుస్తకం మూసేసి, లైటు తీసేసి, చీకట్లో చెప్పాను. చాలాసేపు పలకలేదు. తర్వాత, "గర్భసంచి తీసేశారు కదా, ఇక నేను ఆడదాన్ని కానని మీకు అనిపించిందేమో అనుకున్నాను" అంది. ఆమెకు ఆపరేషన్ అయింది 2022లో. నా తేడా మొదలైంది ఆ మరుసటి ఏడాది. ఆమె లెక్క ఆమెకు సరిపోయింది. నేను నా పరువు కాపాడుకుంటున్నాననుకున్న ఏడు నెలలూ ఆమె తన ఒంట్లోని లోటును తలచుకుంటూ పడుకుంది. కాజీపేట, హెల్మెట్, హైదరాబాదు, పది వేలు, అన్నీ చెప్పాను. పది వేల దగ్గర మాత్రం లేచి లైటు వేసింది.

మార్చి నుంచి మందులు, తిండి మార్పు, పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నలభై నిమిషాల నడక. నడక ఒక్కణ్నే అయితే వారంలో మానేసేవాణ్ని, ఆమె లేపి తీసుకెళ్లేది. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.6కు దిగింది, ఐదు ప్రశ్నల కాగితంలో 16 వచ్చాయి. ఇక్కడితో ఆపి ఉంటే కథ శుభ్రంగా ఉండేది. కానీ మనిషికి ఆశ పోదు. నాకు లోపం తక్కువే ఉంది కదా, షాక్‌వేవ్ ప్రయత్నిస్తే నష్టమేమిటని యూరాలజిస్టునే అడిగాను. "డబ్బు నష్టం. అది మీరు భరించగలిగితే, అసలు యంత్రం ఉన్న చోట చేయించుకోండి, నేను హామీ ఇవ్వను" అన్నాడు. హైదరాబాదులో యూరాలజీ విభాగం ఉన్న ఒక ఆసుపత్రికి చీటీ రాశాడు. వారానికొకటి చొప్పున ఆరుసార్లు, ఒక్కోసారికి నాలుగు వేలు. మొదటిరోజే ఒక కాగితం చదివించి సంతకం పెట్టించుకున్నారు, ఇది ఇంకా పూర్తిగా రుజువుకాని చికిత్స అని అందులో తెలుగులోనే ఉంది. అవతలి క్లినిక్‌లో సంతకం పెట్టింది వాయిదాల కాగితం మీద.

చికిత్సలో వర్ణించడానికి పెద్దగా ఏమీ లేదు. జెల్ రాసి, చిన్న టార్చిలైటంత పరికరాన్ని అంగం మీద, దాని మొదట్లో కొన్ని చోట్ల ఆనించి పెడతారు. టక్ టక్ మని చప్పుడు, రబ్బరు బ్యాండుతో మెల్లగా కొట్టినట్టు తాకిడి. మత్తు అక్కర్లేదు. ఇరవై నిమిషాలు. సాంకేతిక నిపుణుడు నా వ్యాపారం తెలుసుకుని, వాళ్ల నాన్న పత్తిచేనులో గులాబీ పురుగుకు ఏం కొట్టాలో అడిగాడు. ఆ స్థితిలో పడుకుని లింగాకర్షక బుట్టల గురించి చెప్పాను. మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే బుట్టలవి. చెబుతూ ఉండగా మా ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

సెప్టెంబరు నాటికి ఆరూ అయ్యాయి. డిసెంబరులో కాగితం నింపితే 20. హెచ్‌బీఏ1సీ 6.9. బరువు ఆరు కిలోలు తగ్గాను. టడలాఫిల్ రోజూ వేసుకోవడం మానలేదు, మానాలని ఇంకా అనుకోవడం లేదు. 16 నుంచి 20కి తెచ్చింది షాక్‌వేవా, షుగర్ దిగడమా, బీపీ మాత్ర మారడమా, నడకా, లైటు వేసి మాట్లాడుకోవడమా? యూరాలజిస్టును అడిగితే, మీరే చెప్పండన్నాడు. ఒకే ట్యాంకులో నాలుగు మందులు కలిపి కొట్టి, పురుగు చచ్చింది, ఏ మందు పనిచేసిందని అడిగే రైతుకు నేనెప్పుడూ జవాబు చెప్పలేకపోయాను. షాక్‌వేవ్‌కు పెట్టిన ఇరవై నాలుగు వేలు, రైలు ఖర్చులు దండగని అనను, పని చేశాయని కూడా ప్రమాణం చేయను.

బయో సీసాల్లో లేబుల్ సరిగా లేనివాటిని నా చికిత్స సాగిన ఆ ఏడాదే అరల్లోంచి తీసేశాను. కంపెనీ కుర్రాడు అలిగి వెళ్లాడు, మళ్లీ సీజనుకు కొత్త పేరుతో అదే సరుకు తెచ్చాడు.

ఆ క్లినిక్ పది వేలు తిరిగి ఇవ్వలేదు. రసీదు వెనక సన్న అక్షరాల్లో ఆ సంగతి ఉందట. ఫోన్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. మొన్న సంక్రాంతికి ముందు ఒక అమ్మాయి చేసింది. పండుగ తగ్గింపు ఉంది సార్, మీ పాత అడ్వాన్సు కూడా కలుపుకుంటాం అంది. దుకాణంలో రద్దీ లేదు, మా ఆవిడ పక్కనే కూర్చుని బిల్లులు కడుతోంది. ఫోను స్పీకరులో పెట్టి, "అమ్మా, చికిత్స మొదలుపెట్టే ముందు నా షుగర్ ఎంతుండాలి?" అని అడిగాను.

అవతల కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు.

"మీ షుగర్‌తో మాకు సంబంధం లేదు సార్."

మా ఆవిడ చెయ్యి చాచి ఫోను కట్ చేసింది.